స్థలమెవరిది?

ఆధునిక వాస్తుశిల్పం అంటే చదును కప్పు, సిమెంటు గోడ, అద్దాల ముఖం అని మనలో చాలామంది నమ్మకం. రూపాన్ని చూసి సారాన్ని మరవటం అంటే ఇదే.

ఈ శిల్పాన్ని కన్నది యంత్రయుగం. ఫ్యాక్టరీల చుట్టూ చేరిన శ్రామిక జనానికి ఇల్లేదీ అన్న ప్రశ్న దాన్ని పెంచింది. 1919లో వైమార్‌లో గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ పాఠశాల కళనూ చేతిపనినీ ఒక్కచోట చేర్చింది. 1928లో దాని అధిపతి అయిన హాన్నెస్ మేయర్ విలాసాలను కాదని జనం అవసరాలను పాఠంగా చేశాడు. బెర్నావ్‌లో కార్మిక సంఘాల శిక్షణాలయ నిర్మాణంలో విద్యార్థులను భాగస్వాములను చేశాడు. 1930లో రాజకీయ కారణాలతో ఆయన్ని తొలగించారు. 1933లో నాజీల ఒత్తిడికి పాఠశాలే మూతపడింది. ఉత్త గీతలు నేర్పే బడి మీద ఫాసిస్టులకు అంత కక్ష ఎందుకు?

మనకు ఆ రూపం దిగుమతి అయింది, ప్రశ్న రేవులోనే ఉండిపోయింది. 1958లో ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో చెంబు అందాన్ని మెచ్చారు. 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. మంచిదే. కాని చెంబును మెచ్చిన చదువు, ఆ చెంబు దించుకోను చోటులేని మనిషిని చూసిందా?

2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, పేదలకు భూమీ ఇళ్ల స్థలాలూ ఇమ్మన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు.

"భూమి సంగతి సర్కారుది, గీత సంగతి మాది" అంటారా? ప్లాను గీయబోయే విద్యార్థి మొదట అడిగేది, స్థలమెంత అని. స్థలమెవరిది అని కూడా అడగటం నేర్పండి. ఆ ప్రశ్నను గుమ్మం బయట నిలబెట్టే చదువు ఎంత కొత్త గీత గీసినా పాత చదువే.