పెన్నను పాడితే ప్రాంతీయుడా?

గోదావరిని పాడినవాడు తెలుగు కవి, పెన్నను పాడినవాడు సీమ కవి! ఈ కొలమానం ఎవరిదని గుత్తివాడిగా నేనడుగుతున్నాను.

1915లో తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో రంగడు, గంగమ్మల ఆకలిని కావ్యవస్తువు చేశారు. ఆకలికి ప్రాంతమేమిటి? 1952లో మొదలైన ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికకు సంపాదకత్వం వహించి తెలుగువారందరికీ పఠనాభిరుచి నేర్పినదీ ఆయనే. ‘మాణిక్యవీణ’ శీర్షిక ఆయనదే, బాణుని ‘కాదంబరి’ తెలుగు సేతా ఆయనదే.

ఇంతటివారికి ‘కరువు కవి’ అని పేరుపెట్టి, వానలు మొగం చాటేసిన ఏడు మాత్రమే తలచుకుంటారా? దాన్ని గౌరవమనుకోమంటారా? మా కరువుమీద జాలి అక్కరలేదు. పెన్నేటి పాటను తెలుగు కావ్యంగా చదవండి. సంపాదకుడి శ్రమనూ సాహిత్యచరిత్రలో లెక్కగట్టండి.