బావి గడ్డ మీది నుంచి దూకే పిల్లలకు డైవింగ్ పూల్ ఎంత దూరం?

2025 సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ రెండో వారం దాకా అహ్మదాబాద్‌లో ఆసియా ఆక్వాటిక్స్ చాంపియన్‌షిప్ జరిగింది. ఈతతో పాటు స్ప్రింగ్‌బోర్డ్, ప్లాట్‌ఫాం డైవింగ్ పోటీలు కూడా పెట్టారు. మన దేశంలో ఈ చాంపియన్‌షిప్ జరగడం అదే మొదటిసారి. 2030 కామన్వెల్త్ క్రీడలు ఆ నగరానికే దక్కాయి. 2036 ఒలింపిక్స్ కోసమూ ప్రయత్నం సాగుతోంది. ఆ పది మీటర్ల ప్లాట్‌ఫాం మీద రేపు నిలబడే పిల్లలు ఏ వాడల నుంచి వస్తారన్నదే మా ప్రశ్న.

కొండగట్టు కింది ఊళ్లలో ఎండాకాలం వస్తే పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకుంటారు. రెండు వేసవులు గడిస్తే గడ్డ మీది నుంచి తలకిందులుగా దూకేస్తారు. అయితే బావి కావాలంటే ముందు భూమి ఉండాలి. మాల, మాదిగ వాడల్లో బావి ఉన్న ఇండ్లు ఎన్ని? పటేలు బావిలో దిగాలంటే పటేలు మాట కావాలి. అది దొరకని పిల్లలకు చెరువు, లేకుంటే వాగులో ఇసుక తోడిన గుంత. ఆ గుంతల్లో మునిగిపోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

నీళ్ల దగ్గర కులం కొత్త సంగతి కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగితే, ఆధిపత్య కులాలు 108 కుండల పంచగవ్యం పోసి చెరువును 'శుద్ధి' చేశాయి. డైవింగ్ చరిత్రలోనూ అచ్చం ఇలాంటి శుద్ధి ఉంది. అమెరికాలో కొరియన్ వలస కుటుంబంలో పుట్టిన శామీ లీని పాసడీనా పట్టణ పూల్‌లోకి వారానికి ఒక్క రోజే రానిచ్చేవారు. ఆ రోజు గడిచాక నీళ్లన్నీ తోడేసి కొత్తవి నింపేవారు. మిగతా రోజుల్లో అతను కోచ్ పెరట్లో తవ్విన ఇసుక గుంతలో దూకి సాధన చేశాడు. 1948లో, 1952లో పది మీటర్ల ప్లాట్‌ఫాంలో ఒలింపిక్ స్వర్ణాలు అతనివే. 1948లోనే రెండు స్వర్ణాలు గెలిచిన విక్టోరియా మనాలోది ఇంకో కథ. తండ్రి ఫిలిప్పీన్స్ మనిషి కావడంతో, క్లబ్బులో చేరడానికి ఆయన ఇంటిపేరు దాచి తల్లి ఇంటిపేరు టేలర్ పెట్టుకోవాల్సి వచ్చింది. పట్నంలో అద్దె ఇంటి కోసం ఇంటిపేరు మింగేసిన మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

పేద పిల్లలకు ఈ ఆట అందదని చెప్పేవాళ్లకు చైనా అమ్మాయి చ్వాన్ హోంగ్‌చాన్‌ను చూపించాలి. నారింజలు పండించే పల్లె రైతు కూతురు. 14 ఏళ్లకే టోక్యోలో స్వర్ణం గెలిచి, అమ్మ వైద్యానికి డబ్బు సంపాదించాలని ఉందని చెప్పింది. 2024 పారిస్‌లో డైవింగ్ స్వర్ణాలు ఎనిమిదీ చైనావే. చిన్నప్పుడే పిల్లల్ని ఏరి, తిండీ శిక్షణా సర్కారే చూసుకునే పద్ధతి అక్కడుంది. ఆ పద్ధతిలోని కఠినత్వాన్ని మేం మెచ్చుకోవడం లేదు. ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది మాత్రం గమనించాలి.

మనకు ఆ అవకాశం లేదా? 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. డైవింగ్‌కు ఎవరెస్ట్ అంత ఖర్చు కాదు గానీ లోతైన నీళ్లు కావాలి. పది మీటర్ల మెట్టు కింద దాదాపు 5 మీటర్ల లోతుండాలి, పక్కన కోచ్ ఉండాలి. 2002 జాతీయ క్రీడల కోసం ప్రజల డబ్బుతో కట్టిన గచ్చిబౌలి ఆక్వాటిక్స్ కాంప్లెక్స్ కొండగట్టుకు దాదాపు 200 కిలోమీటర్ల దూరం. పతకం వస్తే రైల్వేలోనో సైన్యంలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి దారి పడుతుంది. ఆ దారి మొదట్లోనే ఫీజు కౌంటర్ ఉంటే మన పిల్లలు అక్కడే ఆగిపోతారు.

గచ్చిబౌలిలో గురుకుల పిల్లలకు ఫీజు లేకుండా రోజూ కొన్ని గంటలు కేటాయించాలి. ఎండాకాలం సెలవుల్లో అక్కడే హాస్టల్, కోచ్ ఇవ్వాలి. ఉమ్మడి కరీంనగర్‌లో ఒక్క లోతైన పూల్ అయినా కట్టాలి. 2026లో గురుకులం అయిదో తరగతిలో చేరే పిల్లకు 2030 నాటికి దాదాపు 14 ఏళ్లుంటాయి. టోక్యోలో చ్వాన్ వయసు అంతే.