ఆ తరగతి గదికి తాళం వేయొద్దు

పిల్లలు తక్కువ, ఖర్చు ఎక్కువ అన్న లెక్కతో బధిర విద్యార్థుల ప్రత్యేక విభాగాన్ని మూసేసి, వాళ్లను తలో బడికీ సర్దేస్తామంటే ఒప్పుకోకూడదు. బధిర పిల్లల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. సైగల భాష తెలిసినవాళ్లు చాలా ఇళ్లలో ఉండరు. తోటి బధిర పిల్లలూ, ఆ భాష వచ్చిన టీచరూ ఉన్న గదిలోనే వాళ్లకు మాట్లాడుకునే తోడు దొరుకుతుంది. మామూలు బడిలో బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే మాస్టారి పెదవులు చదవడం ఎవరి తరం? వినికిడి యంత్రం ఉంది కదా అంటారు. అది శబ్దాన్ని పెంచుతుంది గానీ, తరగతి గోలలోంచి మాటను పూర్తిగా విడదీసి ఇవ్వలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 31వ సెక్షన్‌లో, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడినో ప్రత్యేక బడినో కోరుకునే హక్కునిచ్చింది. కోరుకోవడానికి ఆ రెండోది మిగలాలి కదా! సైగల భాష వచ్చిన టీచర్లను పిల్లల్ని పంపే ప్రతి బడిలో నియమించి, తల్లిదండ్రులకు చూపించేదాకా అధికారులు ఈ విభాగం జోలికి రాకూడదు.