భుజాన వేసుకునే తోలు

మా అన్నయ్య కొడుకు మిచిగన్‌లో ఉంటాడు. ఓ నవంబరులో వాడింటికి వెళ్లినప్పుడు, పక్కింటి పెద్దాయన వేట తుపాకీకి తోలు పట్టీ కొనడానికి బయల్దేరుతూ ‘మీరూ వస్తారా?’ అన్నాడు. అక్కడ నవంబరు 15 నుంచి 30 దాకా తుపాకీతో జింకల వేట. సంక్రాంతికి మన పల్లెల్లో ఉండే హడావుడంతా ఆ రోజుల్లో కనిపిస్తుంది. మన దగ్గరైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, జింక జోలికెళ్తే జైలే. నాకూ వేట గిట్టదు. తోలు వాసనంటే మాత్రం ఇష్టం. తాతయ్య కిర్రు చెప్పుల నాటి ఇష్టం. సరేనన్నాను.

పట్టీదేముంది, చేతిసంచీకి ఉన్నట్టే కదా అనుకున్నా. దారిలో ఆయన చెప్పింది విన్నాక నోరు మూసుకున్నా. కిందటేడు చెట్టు మీది మంచె దిగి నడుస్తుంటే పట్టీ కుట్టు ఊడి, తుపాకీ రాళ్ల మీద పడిందట. మంచె దిగేముందే తూటాలు తీసేసే అలవాటుంది కాబట్టి సరిపోయింది. పక్కనే పదిహేనేళ్ల మనవడు నడుస్తున్నాడు. ఆ మాట చెప్పాక కొట్టు వచ్చేదాకా ఆయన మాట్లాడలేదు.

కొట్లో పట్టీలు వరసగా వేలాడుతున్నాయి. కొన్ని భుజం దగ్గర పాము పడగలా వెడల్పుగా ఉన్నాయి. వాటి పేరు కూడా కోబ్రానే! లోపల మెత్త, పైన జింక బొమ్మ. అది తీసుకోమన్నాను. ‘మొయ్యడానికి హాయే, గురికి సాయపడదు’ అని పక్కన పెట్టేశాడు. ఆయన తీసింది ఏ అందమూ లేని, అంగుళంపావు వెడల్పు పట్టీ. 1907లో అమెరికా సైన్యం కోసం వచ్చిన నమూనా. రెండు తోలు ముక్కలు, ఇత్తడి కొక్కేలు, బారుగా జంట బెజ్జాలు. ముందు ముక్కను ఉచ్చులా చేసి మోచేతి పైన బిగిస్తే తుపాకీ కుదురుగా నిలుస్తుంది. గురి తప్పకపోతే జింక ఒక్క దెబ్బకే పోతుంది, గాయంతో అడవంతా ఈడ్చుకుంటూ తిరగదు. వేట గిట్టని నాకూ ఆ లెక్క అర్థమైంది.

తర్వాత తోలు పరీక్ష. వంచి చూశాడు. వంపులో పైపొర వదులుగా ముడతలు పడితే అది పొట్ట భాగం తోలు, త్వరగా సాగిపోతుంది. వీపు తోలైతే బిగువుగా ఉంటుంది. అంచు తెగిన చోట నీలం బూడిద రంగు కనిపిస్తే క్రోమియంతో పదును చేసినట్టట. మెత్తన ఎక్కువ, సాగుడూ ఎక్కువే. చెట్టు బెరడుతో పదును చేసిందైతే లోపలిదాకా గోధుమ రంగే.

బెరడు అనగానే నాకు తంగేడు గుర్తొచ్చింది. బతుకమ్మలో పేర్చే తంగేడే. మన దక్షిణాదిన తరతరాలుగా దాని బెరడుతోనే తోళ్లు పదును చేశారు. మద్రాసు రేవు నుంచి అవి ఇంగ్లండుకు ఓడలెక్కేవి. ‘ఈస్టిండియా లెదర్’ పేరుతో 2008లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇదంతా చెబితే పెద్దాయన పట్టీని ఓసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

ఇంటికొచ్చాక గుడ్డతో నూనె పలచగా రాశాడు. ఎక్కువైతే తోలు సాగుతుందట (మా ఆవిడ ఆవకాయలో నూనె పోసినట్టు పోయకూడదన్నమాట!). తుపాకీ కర్రకున్న కొక్కేల మరలు బిగించాడు. ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, పట్టీ పట్టుకుని గట్టిగా గుంజాడు. తర్వాత మనవణ్ని పిలిచి వాణ్నీ గుంజమన్నాడు.