నవ్వుతో పాటు జాలి కూడా



టీనేజీ కుర్రాళ్ల తడబాట్ల మీద వచ్చే హాస్య నవలలు ఆ వయసును వెక్కిరించే కాలక్షేపమేనని మీ పత్రిక గత సంచికలో ఒక వ్యాసకర్త తేల్చేశారు. నేను ఒప్పుకోలేను. 1982లో ఇంగ్లండులో వచ్చిన సూ టౌన్‌సెండ్ నవల, ఏడ్రియన్ మోల్ డైరీనే తీసుకోండి. 13 ఏళ్ల 9 నెలల ఏడ్రియన్ మొటిమలు చూసుకుని కుంగిపోతాడు. తాను మేధావినని నమ్మి బీబీసీకి కవితలు పంపుతాడు. పండోరా అనే అమ్మాయి మీద మనసు పారేసుకుంటాడు. నవ్వొస్తుంది, నిజమే. కానీ అదే డైరీలో తల్లి పక్కింటాయనతో వెళ్లిపోతుంది, తండ్రి ఉద్యోగం పోతుంది, బడిలో ఒక రౌడీ డబ్బు గుంజుతుంటాడు. ఇంట్లో ఏం జరుగుతోందో ఏడ్రియన్ కంటే ముందు మనకు తెలిసిపోతుంది. నవ్వు పుట్టేది ఆ తేడాలోనే, జాలి పుట్టేదీ అక్కడే. టౌన్‌సెండ్ లెస్టర్‌లో ముగ్గురు పిల్లల్ని ఒంటరిగా పెంచిన రచయిత్రి. అలాంటామె ప్రధాని థాచర్ కాలపు లేమిని వెక్కిరింతగా ఎలా రాస్తారు?

తెలుగు హాస్యంలో మనకు చిన్నపిల్లాడు బుడుగున్నాడు, లండన్ బయల్దేరిన పార్వతీశమున్నాడు. గొంతు మారే వయసు కుర్రాడికి మాత్రం ర్యాంకులూ నీతులూ అందిస్తున్నాం. తనలా తడబడేవాడు ఒక్కడు పుస్తకంలో కనబడితే వాడు ఇంకో పుస్తకం అడుగుతాడు. ఆ వయసు కోసం మీ పత్రికే ఒక హాస్య సీరియల్ మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఖమ్మం