కొరియర్ చేతిలో కవరు

పాత మంచమో, చదువుకునే బల్లో, పిల్లవాడికి చిన్నదైపోయిన సైకిలో ఫోటో తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడతాం. కాసేపటికే వాట్సాప్‌లో ఎవరో పలకరిస్తారు. ధర తగ్గించమని అడగరు. వస్తువు చూస్తామనీ అనరు. "నేను ఊళ్లో లేను. కొరియర్‌వాళ్లను పంపుతాను. వాళ్లు కవరులో నగదు మీ చేతికిచ్చి వస్తువు తీసుకెళ్తారు" అంటారు. వినడానికి ఇంతకంటె సుళువైన బేరం ఉండదు. మనం గడప దాటనక్కర్లేదు, డబ్బే గుమ్మంలోకి వస్తుంది. తీరా చూస్తే ఆ డబ్బు రాదు సరికదా, మన దగ్గరున్నది కూడా పోతుంది.

బెల్జియం, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా దేశాల్లో పోలీసులూ వినియోగదారుల సంస్థలూ కొన్నేళ్లుగా హెచ్చరిస్తూ వస్తున్న మోసం ఇది. బేరం కుదిరిన కొద్దిసేపటికే అమ్మేవారికి ఒక ఈమెయిల్ వస్తుంది. పైన పేరున్న కొరియర్ కంపెనీ గుర్తు ఉంటుంది. "మీ కోసం నగదు కవరు మా దగ్గర సిద్ధంగా ఉంది. అంత సొమ్ము తీసుకురావాలంటే బీమా చేయించాలి. ఆ రుసుము మీరు ముందుగా కట్టండి, కవరులో కలిపి తిరిగి ఇస్తాం" అని అందులో రాసి ఉంటుంది. కొందరికి లింకు పంపి బ్యాంకు కార్డు వివరాలు నింపమంటారు. రుసుము కట్టిన వెంటనే రెండో రుసుము, ఆ తర్వాత మూడోది. ఇంతా చేసి డీహెచ్‌ఎల్, ఫెడెక్స్, యూపీఎస్ వంటి పెద్ద కంపెనీల నిబంధనల ప్రకారం పార్సిల్‌లో నగదు పంపడమే నిషేధం. అంటే వారు చెప్పే సేవ అసలు లేనే లేదు.

ఇది దూరదేశపు సంగతి అనుకోవద్దు. మన సంఘాల్లో ఎన్నో కుటుంబాల పిల్లలు ఈరోజు విదేశాల్లో చదువుకుంటున్నారు. చదువు ముగిసి ఊరు మారేటప్పుడు పరుపు, కుర్చీ, మైక్రోవేవ్ అమ్మేసి వెళ్తారు. కొత్తగా దిగినవారు అవే వెతుక్కుని కొనుక్కుంటారు. చేతిలో లెక్కపెట్టుకున్న డబ్బు, ఇల్లు ఖాళీ చేయాల్సిన తొందర, ఆ దేశపు పద్ధతులు సరిగా తెలియకపోవడం, ఈ మూడూ ఒకచోట చేరిన పిల్లలు మోసగాళ్లకు తేలిగ్గా దొరుకుతారు.

మన దేశంలో నాటకం అదే, వేషం వేరు. ఇక్కడ కొరియర్ కంపెనీ స్థానంలో సైనికుడు వస్తాడు. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వంటి చోట్ల స్కూటరు చవగ్గా అమ్ముతానని ఒకడు ప్రకటన పెడతాడు. తాను సైన్యంలోనో సీఐఎస్‌ఎఫ్‌లోనో ఉన్నానని, బదిలీ అయిందని, అందుకే తొందరగా అమ్ముతున్నానని చెప్పి యూనిఫారంతో ఉన్న ఫోటో, గుర్తింపు కార్డు పంపుతాడు. బండి సైన్యం పార్సిల్ వాహనంలో వస్తుందంటాడు. మొదట రవాణా ఖర్చు, తర్వాత బీమా, తర్వాత జీఎస్‌టీ, ఆ తర్వాత గేటు పాసు. ప్రతిదీ "తిరిగి ఇచ్చేదే". బండి మాత్రం దారిలోనే ఉంటుంది, ఎప్పటికీ దారిలోనే ఉంటుంది.

అదే మనిషి కొనేవాడిగా వస్తే మన ఫోనుకు క్యూఆర్ కోడ్ పంపుతాడు. "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అంటాడు. యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి, పుచ్చుకోవడానికి అక్కర్లేదు. ఇంకో వ్యక్తి ఫోనులో డబ్బు అడగగానే మనం ఆమోదించే 'కలెక్ట్' పద్ధతి కూడా ఇలాంటివారికి పనికొచ్చింది. అందుకే వ్యక్తుల మధ్య ఆ పద్ధతిని 2025 అక్టోబరు నుంచి ఆపివేయాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆదేశించింది. ఒక తలుపు మూసుకుంది. కానీ క్యూఆర్ కోడ్, నకిలీ లింకు, తియ్యని మాట ఇంకా ఉన్నాయి.

ఇక్కడ కొందరు న్యాయమైన ప్రశ్న ఒకటి అడుగుతారు. "పోస్టుమేన్, కొరియర్ కుర్రవాడు నగదు ముట్టుకోవడం కొత్తా? రోజూ చూస్తున్నదే కదా?" నిజమే. తపాలా శాఖలో వీపీపీ పద్ధతి 1877లోనే మొదలైంది. పుస్తకాలు, మందులు, చేతి గడియారాలు వీపీపీలో తెప్పించుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది. ఫ్లిప్‌కార్ట్ 2010లో క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టాక అదే ఏర్పాటు కొత్త పేరుతో వాడవాడకూ చేరింది.

అయితే వీటిలో సొమ్ము ఏ దిక్కుకు నడుస్తుందో గమనించండి. వస్తువు కొనేవాడి గుమ్మానికి వస్తుంది. కొనేవాడు అక్కడ డబ్బు కడతాడు. ఆ డబ్బు పోస్టాఫీసు ద్వారానో కంపెనీ ద్వారానో లెక్కప్రకారం అమ్మినవాడికి చేరుతుంది. ఇది వస్తువు పంపినవాడికీ, మోసేవారికీ మధ్య ముందే ఉన్న ఒప్పందం. రసీదు ఉంటుంది, జవాబు చెప్పే కార్యాలయం ఉంటుంది. కొనేవాడు పంపిన నోట్ల కవరుతో కొరియర్ అమ్మేవాడి ఇంటికి రావడం, వచ్చేముందు అతని దగ్గరే రుసుము పుచ్చుకోవడం ఈ ఏర్పాటులో ఎక్కడా లేదు. ఒక్క మాటలో చెప్పాలంటే, డబ్బు పుచ్చుకోవలసినవాడు ముందుగా డబ్బు కట్టనక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ ఈ ఒక్క మాట అర్థమైతే చాలావరకు క్షేమం.

సక్రమమైన క్యాష్ ఆన్ డెలివరీలోనూ జాగ్రత్త కావాలి. ఆర్డరు చేయని పార్సిల్ తెచ్చి, ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉన్న వేళ "మీ అబ్బాయి తెప్పించాడు" అని డబ్బు కట్టించుకున్న సంఘటనలున్నాయి. పిల్లలకు ఫోన్ చేసి అడగకుండా కట్టకూడదు. అలాగని తలుపు తట్టిన ప్రతి డెలివరీ కుర్రవాణ్ణీ దొంగగా చూడడం అన్యాయం. ఎండలో వానలో పార్సిళ్లు మోసుకొచ్చే ఆ పిల్లవాడు వసూలైన ప్రతి రూపాయికీ సాయంత్రం లెక్క అప్పచెప్పాలి. పెట్టెలో ఏముందో అతనికీ తెలియదు. అతణ్ణి కేకలేస్తే, ఎక్కడో కూర్చుని మోసం చేసినవాడికి తగిలేదేమీ లేదు.

మోసపోయినవారి గురించి మనం తరచుగా అనే మాట ఒకటుంది: "అత్యాశకు పోయాడు." పెట్టుబడి పథకాల విషయంలో అది కొంత నిజం కావచ్చు. కానీ మంచం అమ్ముకోవాలనుకున్న అమ్మలో అత్యాశ ఏముంది? ఆమె అడిగిన ధరే ఆమెకు ఇస్తామన్నారు. ఆమెను పట్టించింది ఆశ కాదు, మొహమాటం. అవతలివాడు "అండీ" అని మర్యాదగా మాట్లాడుతున్నాడు, సైనికుడినంటున్నాడు, కార్డు కూడా చూపించాడు. ఇంకా నిలదీస్తే అనుమానించినట్టు ఉంటుందేమోనని ఆమె ఊరుకుంది. మొదటి రుసుము కట్టాక, కట్టింది పోతుందేమోనని రెండోదీ కట్టింది. చివరికి అంతా తెలిశాక పిల్లలకు చెప్పడానికి సిగ్గుపడింది. ఈ మోసానికి ముందు మన మొహమాటం, వెనుక మన సిగ్గు. ఈ రెండూ కలిసి మోసగాణ్ణి మోస్తున్నాయి.

దేవుని ప్రజలు ఇతరుల చేత సొమ్ము పంపిన సందర్భాలు వాక్యంలో ఉన్నాయి. ఎజ్రా గ్రంథం 8వ అధ్యాయం చూడండి. మందిరం కోసం ఇచ్చిన వెండి బంగారాలను యెరూషలేముకు చేర్చాలి. దారి పొడవునా శత్రువుల భయం. ఎజ్రా పన్నెండుగురు యాజకులను ఏర్పరచి, అహవా నది దగ్గర ఆ సొమ్మును తూచి వారి చేతికి అప్పగించాడు. యెరూషలేము చేరాక మళ్లీ తూచి, లెక్కపెట్టి, బరువంతా రాసి పెట్టారు. మోసినవారు యాజకులు. వారిని అనుమానించి తూచలేదు. వారి మీద నింద పడకుండా ఉండాలన్నా తూచడమే మార్గం.

కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు చేసిందీ ఇదే. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం పోగుచేసిన విరాళాన్ని తన ఒక్కడి చేతిలో ఉంచుకోలేదు. తీతును పంపాడు, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు పంపాడు. ప్రభువు దృష్టిలో సరిగా ఉంటే చాలదు, మనుషుల దృష్టిలోనూ సరిగా కనబడాలని కారణం కూడా చెప్పాడు. అపొస్తలుడే లెక్కకు ఒప్పుకున్నప్పుడు, ముఖం చూడని కొనుగోలుదారుణ్ణి "వచ్చి వస్తువు చూసుకుని డబ్బు ఇవ్వండి" అనడానికి మనకు మొహమాటం ఎందుకు? నిజాయితీపరుడు ఆ మాటకు నొచ్చుకోడు. ఆ మాటకు కోప్పడి తొందరపెట్టేవాడు తానెవరో తానే చెప్పుకున్నట్టు.

ఈ జాగ్రత్త ఒకవైపే ఉంటే సరిపోదు. పాత సామాను బేరంలో మన చేతులూ శుభ్రంగా ఉండాలి. కొనేటప్పుడు "బాగాలేదు, బాగాలేదు" అని తీసిపారేసి, తీసుకెళ్లాక లాభం కొట్టానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి సామెతలు 20వ అధ్యాయం ఏనాడో పట్టిచూపింది. ఫ్రిజ్‌లో గ్యాస్ కారుతోందని తెలిసీ చెప్పకుండా అమ్మితే, నకిలీ కవరు పంపినవాడికీ మనకూ తేడా మొత్తంలోనే గాని తత్త్వంలో కాదు.

యువతకు ప్రత్యేకంగా ఒక మాట. మోసంతో వచ్చిన సొమ్ము ఎవరిదో ఒకరి బ్యాంకు ఖాతాలో పడాలి. అందుకోసం కమీషన్ ఆశచూపి కాలేజీ పిల్లల ఖాతాలను, సిమ్ కార్డులను అడుగుతున్నారు. "నేనేం చేశాను, ఖాతా ఇచ్చానంతే" అన్నది పోలీసుల ముందు నిలవదు. వేరొకరిగా నటించి కంప్యూటరు, ఫోను ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. భారతీయ న్యాయ సంహితలోని మోసం సెక్షన్లూ దానికి తోడవుతాయి. ఏ విశ్వాసి ఇంటి బిడ్డా చిన్న కమీషన్ కోసం ఈ గొలుసులో కడియం కాకూడదు.

ఇక సంఘంగా మనం చేయగలిగినవి చూద్దాం. దగ్గరలో ఉన్నవారికే అమ్మండి, దగ్గరలో ఉన్నవారి దగ్గరే కొనండి. పగటి పూట, నలుగురు తిరిగే చోట కలుసుకోండి. వస్తువూ డబ్బూ ఒకే సమయంలో, ఎదురెదురుగా చేతులు మారాలి. యూపీఐలో పుచ్చుకుంటే అవతలివాడు చూపించిన స్క్రీన్‌షాట్ కాదు, మీ సొంత ఖాతాలో నిల్వ చూసుకోండి. ఒంటరిగా ఉండే పెద్దలకూ విధవరాండ్రకూ ఇలాంటి బేరం ఉంటే యువజన సమాజం నుంచి ఒకరు పక్కన నిలబడండి. విదేశాల్లోని తెలుగు సంఘాలు వచ్చేవారినీ వెళ్లేవారినీ కలిపితే, పిల్లలకు ముక్కూమొహం తెలియనివాడి కొరియర్‌తో పని ఉండదు. మందిరాన్ని సంత చేయమని నేను అనడం లేదు. ఒక సహోదరుడు సాక్షిగా నిలబడితే చాలంటున్నాను. అబ్రాహాము మక్పేలా పొలం కొన్నదీ, యిర్మీయా అనాతోతు పొలానికి వెండి తూచి ఇచ్చిందీ సాక్షుల ముందే.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకండి. 1930 నంబరుకు ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పారిపోతూ ఉంటుంది. ఎంత త్వరగా చెబితే దాన్ని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి గడిపిన ప్రతి గంటా మోసగాడికి మనం ఇచ్చే కానుక.

కాపరులకూ పెద్దలకూ చివరిగా ఒక మనవి. ఎవరైనా వచ్చి "అయ్యగారూ, మోసపోయాను" అని చెప్పినప్పుడు "చూసుకోవద్దా?" అని అడగకండి. చూసుకోలేదనే కదా వారు ఏడుస్తున్నది. ముందు వారితో కూర్చుని ఆ ఫోన్ చేయించండి. ప్రార్థన చేసి పంపండి. వచ్చే ఆదివారం, వారు ఒప్పుకుంటే పేరు చెప్పకుండానే, సంఘానికి ఆ సంగతి తెలియజేయండి. ఒకరి నష్టం పదిమందికి హెచ్చరిక అయితే, అదే కవరు మోసగాడు ఆ వీధిలో రెండో తలుపు తట్టినప్పుడు లోపలి నుంచి అడిగేవారు ఉంటారు: "డబ్బు నేను పుచ్చుకోవాలి కదా, మరి ముందు నేనెందుకు కట్టాలి?"