సూది మందు అవిశ్వాసమా?



మన వైరా చుట్టుపక్కల కూడికల్లో ఒక బోధ తిరుగుతోంది. బిడ్డకు టీకాలు వేయిస్తే దేవుని మీద నమ్మకం లేనట్టేనట, ప్రార్థన నూనె రాస్తే చాలునట. అది విని కొందరు తల్లులు ఏఎన్ఎం వచ్చే బుధవారం ఇంటికి తాళం వేసి చేనుకు పోతున్నారు. గట్టిగానే చెబుతున్నాను, అది తప్పు బోధ.

చావుకు దగ్గరైన హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విని 15 ఏండ్ల ఆయుష్షు పెంచాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. లూకా వైద్యుడు, పౌలుకు ప్రియుడు. ఇక దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అన్నది ఎవరో మీకు తెలుసు. పసిబిడ్డను ఆ శిఖరం మీద నిలబెట్టడం విశ్వాసమా?

ఈ బోధ చేసే సేవకులను ఒకటి అడుగుతాను. అయ్యా, మీ షుగర్ మాత్రలు మానేశారా? కాలికి మేకు దిగితే సూది కోసం పరుగెత్తరా? మీ ఒంటికి మందు కావాలి గానీ కూలివాళ్ల బిడ్డకు నూనె సరిపోతుందా?

ఆ సూది ఆపే జబ్బులు ఎలాంటివో చూడండి. కంఠసర్పి గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడనివ్వదు. దాని విషం గుండెను కూడా పట్టుకుంటుంది. విరుగుడు మందు ఉంది గానీ, అది ఇంకా రక్తంలో తిరిగే విషాన్నే ఆపుతుంది. గుండె కండరంలోకి దిగిపోయినదాన్ని తీయలేదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, మన పెద్దలు కోరంటి దవాఖానా అనేది, ఈ 2000 తర్వాత కూడా ఈ జబ్బుతో పిల్లలను చేర్చుకుంది. కోరింత దగ్గు నెలల బిడ్డలో ఒక్కోసారి దగ్గులాగా కూడా కనబడదు. ఊపిరి ఆగి ఒళ్లు నీలంగా మారుతుంది.

ధనుర్వాతం సంగతి వేరు. అది మనిషి నుంచి మనిషికి రాదు, మట్టిలో, పేడలో ఉంటుంది. కాబట్టి "ఊళ్లో అందరూ వేయించుకున్నారుగా, మా వాడికెందుకు" అనే లెక్క ఇక్కడ పనిచేయదు. బొడ్డుకు పేడో బూడిదో పెడితే కొద్ది రోజులకే బిడ్డ పాలు పట్టడం మానేస్తుంది, దవడ బిగుసుకుంటుంది. గర్భిణికి వేసే టీడీ సూది వల్ల తల్లి రక్తంలో పుట్టే రక్షణ కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఆ సూదితో, శుభ్రమైన కాన్పుతో ఈ మరణాలు ఎంతగా తగ్గాయంటే, తల్లీ శిశువుల ధనుర్వాతం ఇక భారతదేశంలో ప్రజారోగ్య సమస్య కాదని 2015లో నిర్ధారించారు. మట్టిలో క్రిమి మాత్రం అలాగే ఉంది. పత్తి చేలో, వరి మడిలో చెప్పులు లేకుండా తిరిగేది మన పిల్లలే.

సూది వేస్తే జ్వరం వస్తుందంటారు. నిజమే, వస్తుంది. కోరింత దగ్గు క్రిమిని చంపి పూర్తిగా వాడే టీకా గనుక జ్వరం, తొడ వాపు కనబడతాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. పారాసిటమాల్ ఎంత వేయాలో ఏఎన్ఎం చెబుతుంది. ఫిట్స్ రావడం చాలా అరుదు. వస్తే డాక్టరుకు చూపించి, తర్వాతి డోసుకు ముందు ఆ మాట తప్పక చెప్పండి.

అసలు మన సంఘంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. 6, 10, 14 వారాల పెంటావలెంట్ వేయించి, బిడ్డ నడక నేర్చేసరికి కార్డు పెట్టె అడుగున పడేస్తున్నాం. 16 నుంచి 24 నెలల మధ్య ఒక డీపీటీ, 5 ఏళ్లు దాటాక ఇంకొకటి, 10, 16 ఏళ్లకు టీడీ ఉన్నాయి. మొదటి డోసుల బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. తప్పిపోయినా 7 ఏళ్లలోపు డీపీటీ వేస్తారు, సిగ్గుపడకుండా వెళ్లి అడగండి.

మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు మీ చేను గట్టున గుడిసె వేసుకుంటే, వాళ్ల పిల్లల సంగతి ఆశా కార్యకర్తకు చెప్పవలసింది రైతులైన మీరే. ఆ పిల్లల పేర్లు మన ఊరి రిజిస్టరులో ఉండకపోవచ్చు.

వచ్చే ఆదివారం ఆరాధనకు తల్లీబిడ్డల కార్డులు తెండి. కూడిక అయ్యాక కూర్చుని తేదీలు చూద్దాం. బిడ్డ తలమీద చెయ్యి ఉంచి నేను ప్రార్థిస్తాను, బుధవారం సబ్ సెంటర్‌కు మీరు తీసుకువెళ్లండి.